శ్రీకూర్మపు శాసనములు – కానరాని చిట్టాలు

శ్రీకాకుళమునుండి సముద్రపు దిక్కుగా కొంత దూరము పోయినచో గార మండలములో శ్రీకూర్మ క్షేత్రము వచ్చును. కూర్మావతారమునకు ప్రత్యేకముగా వెలసిన ఆలయములు మన దేశమున మిక్కిలి అరుదు. అందుచేత యాత్రికులు దూరమునుండియు వచ్చెదరు. శ్వేతపుష్కరిణిలో స్నానము చేయుదురు. స్వామిని దర్శింతురు. ఆవరణలో పెంచుచున్న తాబేళ్లను పిల్లలకు చూపుదురు. రెండు ధ్వజస్తంభము లెందుకున్నవని అర్చకులను అడుగుదురు. స్తంభముల వద్ద నిలుచువారు మాత్రము తక్కువ. మేము నేడు ఆ స్తంభముల వద్దనే కొంతసేపు నిలువదలచితిమి. ఏలయన ఆ రాళ్ల నిండ మనుష్యుల పేర్లున్నవి.

ఈ శాసనములలో పెక్కు తూర్పు గాంగులు కళింగము నేలిన నాటివి. తెలుగువి కలవు, సంస్కృతమువి కలవు. ప్రభుత్వ శాసన పరిశోధకులు వీనిని చదివి ‘దక్షిణ భారత శాసనములు’ అను గ్రంథమాల యొక్క 5వ సంపుటములో అచ్చు వేయించిరి. వాని పద్ధతి ఇంచుమించు ఒక్కటే. మొదట శక సంవత్సరము, మాసము, తిథి, వారము. పిదప దాత ఎవరు, ఎవరి కుమారుడు లేక ఎవరి భార్య. తరువాత ఏమి యిచ్చెను, ఆ యిచ్చినది దేనికి వినియోగింపవలెను. అఖండ దీపమునకు నేతి కొరకై గోవుల నిచ్చినవా రొకరు. పూలమాలలకై గండమాడలు చెల్లించినవా రొకరు. తుదకు ఈ ధర్మము శ్రీవైష్ణవుల రక్షణలో నుండునని ఒక మాట. మధ్వాచార్యుల శిష్యులై, గాంగ రాజుల పక్షమున కళింగ పరిపాలన భారము వహించిన నరహరితీర్థుల శాసనము శక 1203, అనగా క్రీ.శ. 1281 నాటిది, ఇచ్చటనే కలదు. వారు యోగానంద నరసింహునకు ఇచ్చట గుడి కట్టించిన సంగతి అందువలననే మనకు తెలియుచున్నది.

ఇంత బాహాటముగా చెక్కిన పేర్లకును, నేడు మనము గోప్యత అని పిలుచుచున్న దానికిని సంబంధ మేమని పాఠకులు అడుగవచ్చును. నిజమే, ఆ దాతలు తమ పేరు దాచుకొనదలచినవారు కారు. పదిమంది చదువవలెననియే చెక్కించిరి. పుణ్యముతో పాటు కొంత ప్రతిష్ఠయు కోరిరనిన తప్పు కాదు. రాళ్లు మోసినవారి పేర్లు, ఆ అక్షరములు తొలిచిన వడ్రల పేర్లు వానిలో వెదకినను దొరకుట కష్టము. ఆ కాలమును మేము పొగడుట లేదు. కాని ఆ శాసనమునందు ఒక కట్టుబాటు కలదు. తన పేరును దాత తానే చెక్కించెను. తన కంటితో చూచుకొనెను. అందులో నున్నది ఆ ఒక్క దానపు సంగతియే. ముఖ్యముగా, దీపమునకిచ్చిన గోవు దీపమునకే. దానిని మరియొక పనికి మళ్లించినచో అది ధర్మమునకు హాని. ఆ మాట రాతిమీదనే యున్నది, కాపలా ఎవరిదో కూడ రాతిమీదనే యున్నది.

ఇచ్చిన పనికే వినియోగింపవలె నను ఈ కట్టుబాటును దృష్టిలో నుంచుకొని మన ఇంటిలోని రేడియో వైపు ఒకసారి చూడుడు. ఒకప్పుడు రేడియో పెట్టె కొన్న ప్రతి ఇల్లును పోస్టాఫీసులో ఏటేట రుసుము కట్టి లైసెన్సు పుస్తకముపై ముద్ర వేయించుకొనవలసి యుండెను. 1980వ దశకములో ఆ పద్ధతి రద్దయ్యెను. మా పెద్దలు ఆ చిన్న పుస్తకమును బీరువాలో దస్తావేజులతో పాటు దాచెడివారు. పోస్టాఫీసు వారికి మన పేరు తెలియును, చిరునామా తెలియును, మన యింట నొక రేడియో కలదని తెలియును. అంతటితో సరి. మనము భక్తిరంజని పెట్టితిమా, సిలోను సినిమా పాటలు పెట్టితిమా, వార్తలు మధ్యలో ఆపి నిద్రపోతిమా అను సంగతి వారికి తెలియదు, ఆకాశవాణికి అంతకన్న తెలియదు. శ్రోత ఉత్తరము వ్రాసిన తెలియును, లేకున్న లేదు. రేడియో మనకు చెప్పునే గాని మననుండి వినదు. అట్లే ఊరి కరణమునకు మన పొలము హద్దులు తెలియును, మన తాత అప్పు కూడ తెలియును. కాని మనకు వచ్చిన జ్వరమును, మనము రాత్రి కన్న కలను అడంగలులో ఆయన వ్రాసికొనలేదు.

ఇప్పుడు అంతర్జాలములో వెదకిపెట్టు సంస్థల సంగతికి వత్తము. వీనిలో పెద్దదైన గూగుల్‌ను అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయపు విద్యార్థులు లారీ పేజ్, సెర్గీ బ్రిన్ అనువారు 1998లో స్థాపించిరి. లోకమందలి పుటలన్నిటికిని సూచిక కట్టి, అడిగినవారికి క్షణములో చూపుట దాని పని. దానికి రుసుము లేదు. 2000 సంవత్సరములో వారు అడిగిన మాటను బట్టి ప్రక్కనే వ్యాపార ప్రకటన చూపు పద్ధతి ప్రారంభించిరి. ఆదాయము అచ్చటనుండియే వచ్చుచున్నది. ప్రకటన యిచ్చువాడు కోరునది, ఆ మాట అడిగిన మనిషి కొనునా కొనడా అని. అది తెలియవలెనన్న మనిషిని గూర్చి తెలియవలెను. ఇదియే చిట్టాకు మూలము.

మనము ఒక ప్రశ్న అడుగునప్పుడు ఆ ప్రశ్నతో పాటు వేళ, మన యంత్రపు గుర్తు, అది ఏ జాలమునుండి వచ్చినది, ఇంచుమించు ఏ ఊరు, ఏ సమాధానమును మనము తెరచితిమి అను వివరములు నమోదగును. కుకీ అను చిన్న గుర్తును మన యంత్రములోనే ఉంచి, మరల వచ్చినప్పుడు ఆ మనిషియే వచ్చెనని పోల్చుకొందురు. ఆ సంస్థ ప్రకటనలు, లెక్కింపు సాధనములు ఇతరుల పుటలలో కూడ నుండును గనుక, మనము వార్తాపత్రిక చదువుచున్నప్పుడును, చీర బేరము చేయుచున్నప్పుడును ఆ చూపు వెంట వచ్చును. ఫోను నడుపు వ్యవస్థయు, దారిచూపు పటమును, ఉత్తరముల పెట్టెయు అదే సంస్థవి యైనచో చిట్టా ఎంత నిండుగా నుండునో పాఠకులే ఊహించుకొనవచ్చును.

దీనివలన ఎవరికేమి నష్టమని అనువారు మా బంధువులలోనే కలరు. వారికి మేము దూరపు దేశముల మాట చెప్పము. మన జిల్లాలోని ఉద్దానము మాటయే చెప్పుదుము. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు, పలాస ప్రాంతములలో మూత్రపిండముల వ్యాధి ఎందరి ఇండ్లనో ఆవరించి యున్నది. దాని కారణము ఇంతవరకు నిశ్చయముగా తేలలేదు. ఆ ప్రాంతమున ఒక యింట తండ్రికి కాళ్లు వాచిన వనుకొనుడు. కూతురికి సంబంధము చూచుచున్నారు. రక్తపరీక్ష కాగితము పట్టుకొని, అందరు నిద్రించిన తరువాత కుమారుడు ఫోనులో ‘క్రియాటినిన్ ఎంత ఉండాలి’ అని అడుగును. వైద్యుని వద్దకు ఇంకను పోలేదు, తల్లికి చెప్పలేదు, మేనమామకు అసలు చెప్పలేదు. ఆ యింటి రహస్యము తెలిసిన మొదటి పరాయివాడు ఆ వెదకిపెట్టు యంత్రము. మరునాటినుండి ఆ యింటిలో చేతులు మారు ఫోనుమీద ఆసుపత్రుల ప్రకటనలు, ఆరోగ్య బీమా ప్రకటనలు కనబడినచో, చెప్పదలచని మాట చెప్పకయే తెలిసిపోవును. పెండ్లికొడుకు వారికి తెలిసిన మాట వేరు. బీమా సంస్థకు, అప్పు ఇచ్చువానికి, ఉద్యోగ మిచ్చువానికి తెలిసిన మాట మరియు వేరు. ఏ దుర్మార్గుడును పన్నాగము పన్ననక్కరలేదు. మాట తన చోటు విడిచి పోయిన చాలును.

పేరు లేకుండ లెక్కలు మాత్రమే ఉంచెదమని సంస్థలు చెప్పుట కలదు. ఈ మాట ఎంత నిలుచునో 2006 ఆగస్టులో లోకమునకు తెలిసెను. ఎ.ఓ.ఎల్. అను అమెరికా సంస్థ పరిశోధకుల ఉపయోగమునకై తమ వినియోగదారులు సుమారు 6,50,000 మంది మూడు నెలలలో అడిగిన ప్రశ్నలు, ఇంచుమించు 2 కోట్లు, బయట పెట్టెను. పేర్లు తీసివేసి అంకెలు వేసిరి. కొద్ది దినములలోనే న్యూయార్కు టైమ్సు విలేఖరులు ఒక అంకెను పట్టుకొని, ఆ అంకెవారు అడిగిన ప్రశ్నలు చదువుచు పోయి, ఒక వృద్ధురాలి యింటి తలుపు తట్టిరి. ఆమె తన పెంపుడు కుక్కను గూర్చి అడిగినది, తన ఊరి తోటపనివారిని గూర్చి అడిగినది, స్నేహితురాండ్ర జబ్బులను గూర్చి అడిగినది. ఆ ప్రశ్నలన్నియు కలిపి చదివినచో ఆమెయే. సంస్థ ఆ జాబితాను వెంటనే తీసివేసినను అప్పటికే దాని ప్రతులు లోకమంతట వ్యాపించి యుండెను. రాతిమీది అక్షరమునకు ఎండ వాన తగులును, మెల్లగా అరిగిపోవును. ఈ అక్షరమునకు ఆ అరుగుదల కూడ లేదు.

2010లో వీధుల ఛాయాచిత్రములు తీయుటకై గూగుల్ పంపిన కార్లు, దారిలోని ఇండ్ల తాళము లేని వైఫై జాలములనుండి ప్రైవేటు సమాచారపు తునకలను కూడ గ్రహించినవని ఆ సంస్థయే ఒప్పుకొనెను. పొరపాటున జరిగెనని చెప్పెను. 2018లో అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ, స్థల చరిత్ర నమోదును ఆపివేసిన ఫోనులలో కూడ కొన్ని సేవలు స్థలమును నమోదు చేయుచున్నవని బయటపెట్టెను. ఆ వ్యవహారమున 2022 నవంబరులో గూగుల్ అమెరికాలోని 40 రాష్ట్రములతో 39 కోట్ల 15 లక్షల డాలర్లకు రాజీ కుదుర్చుకొనెను.

మా దృష్టిలో వీనికన్న ముఖ్యమైనది, అంత చప్పుడు లేకుండ జరిగినది, 2012 మార్చి 1వ తేదీ మార్పు. అంతకు ముందు గూగుల్ వారి సేవలకు వేర్వేరుగా 60కి పైగా గోప్యతా నియమావళు లుండెడివి. ఆనాడు వానిలో అధిక భాగమును కలిపి ఒకటే నియమావళి చేసిరి. ఉత్తరముల పెట్టెకు ఇచ్చినది, వీడియోల వద్ద ఇచ్చినది, వెదకుటలో ఇచ్చినది ఒక్క మనిషి క్రింద ఒక్క చోట చేరుటకు దారి ఏర్పడెను. దీపమునకిచ్చిన గోవు, తోటకిచ్చిన మాడ, నైవేద్యమునకిచ్చిన భూమి అన్నియు ఒకే కొట్టులో వేసి, కొట్టువారు తమ యిచ్ఛ చొప్పున వాడుకొనుట వంటిది ఇది. ఫ్రాన్సు దేశపు సమాచార రక్షణ సంస్థ ఈ నియమావళి విషయమున 2014 జనవరిలో లక్షన్నర యూరోల జరిమానా వేసెను. అంత పెద్ద సంస్థకు అది చిల్లర డబ్బు. తరువాత ఐరోపాలో కొత్త చట్టము వచ్చిన పిదప 2019 జనవరిలో అదే సంస్థ ప్రకటనల విషయమున సమ్మతి సరిగా తీసికొనలేదని 5 కోట్ల యూరోలు వేసినది.

మన దేశమున ఈ చింతన పాశ్చాత్యులనుండి నిన్న మొన్న దిగుమతి యైనది కాదు. దీని చరిత్రలో తెలుగువారి పాలు విశేషముగా కలదు. రాజమహేంద్రవరమున 1902లో జన్మించి, 1954లో గుంటూరున నెలకొన్న ఆంధ్ర హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తియైన కోకా సుబ్బారావుగారిని మన పెద్దలు ఎరుగుదురు. వారు సుప్రీంకోర్టులో నుండగా ఖరక్‌సింగ్ అను ఉత్తరప్రదేశ్ వాసి వ్యాజ్యము విచారణకు వచ్చెను. బందిపోటు కేసులో పట్టుబడి, సాక్ష్యము లేక విడువబడినవాడు ఆయన. అయినను పోలీసులు ఆయన పేర చరిత్ర పత్రము తెరచి, రాత్రివేళ తలుపు తట్టి లేపుచు, ఎచ్చటికి పోయినను వ్రాసికొనుచుండిరి. 1962 డిసెంబరు 18న తీర్పు వచ్చెను. రాత్రి వేళ ఇంటికి వచ్చుట చెల్లదని అధిక సంఖ్యాక న్యాయమూర్తులు చెప్పిరి గాని, గోప్యత రాజ్యాంగ మిచ్చిన హక్కు కాదనిరి. సుబ్బారావుగారు విభేదించిరి. రాజ్యాంగములో ఆ పేరుతో చెప్పకున్నను అది వ్యక్తి స్వేచ్ఛలో అంతర్భాగమే యనిరి. అంతటితో ఆగక, వెంట చూపు పెట్టిన మనిషి కాలు కదపగలిగినను స్వేచ్ఛగా తిరిగినట్లు కాదనియు, ఆ చూపు మనస్సును బంధించుననియు వివరించిరి. న్యాయమూర్తి జె. సి. షా గారు వారితో ఏకీభవించిరి. ఒక అనుమానితునికి తెరచిన పత్రమును గూర్చిన మాట అది. నేడు అట్టి పత్రము అనుమానము లేని కోట్ల మందికి తెరువబడి యున్నది. తేడా యేమనగా నేటి పత్రము తలుపు తట్టదు.

రెండవ వ్యాజ్యము మన రాష్ట్రమునుండియే పుట్టినది. స్టాంపు రుసుము ఎగవేతను పట్టుకొనుటకై ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1986లో స్టాంపు చట్టపు 73వ సెక్షనును సవరించెను. కలెక్టరు వ్రాతమూలకముగా అధికార మిచ్చిన ఎవరైనను ఏ స్థలములోనైనను ప్రవేశించి కాగితములు చూచి, పట్టుకొని పోవచ్చునని దాని సారాంశము. ఆ అధికారముతో బ్యాంకులలోని ఖాతాదారుల దస్తావేజులను కూడ పరిశీలింప బూనిరి. బ్యాంకులు హైకోర్టుకు పోయినవి. హైకోర్టు ఆ సెక్షనును కొట్టివేసెను. 2004 నవంబరు 1న కెనరా బ్యాంకు వ్యాజ్యమున సుప్రీంకోర్టు ఆ తీర్పునే స్థిరపరచెను. అందులోని తర్కము మనకు కావలసినది. అప్పు కొరకు దస్తావేజును బ్యాంకులో పెట్టిన మనిషి దానిమీది గోప్యతను వదలుకొనినట్లు కాదు. గోప్యత మనిషిది, గోడది కాదు. బ్యాంకు చేతికి ఇచ్చితివి గనుక ఇక నీకు దానిపై ఆశ లేదని అమెరికా సుప్రీంకోర్టు 1976లో చెప్పిన వాదమును మన న్యాయస్థానము అంగీకరింపలేదు. నీవే గదా అడిగితివి, నీవే గదా యిచ్చితివి అని నేడు వెదకిపెట్టు సంస్థల పక్షమున వినబడు సమర్థనకు, ఆ సంస్థలు మన యింట అడుగు పెట్టక పూర్వమే హైదరాబాదు బ్యాంకుల తగవులో సమాధానము దొరకినదని మా అభిప్రాయము.

2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనము, పుట్టస్వామి వ్యాజ్యమున, గోప్యత ప్రాథమిక హక్కని ఏకగ్రీవముగా తీర్పు చెప్పెను. 1962 నాటి అధిక సంఖ్యాకుల మాట కొట్టుబడెను. సుబ్బారావుగారి మాట 55 సంవత్సరములకు నిలిచెను. ఆ తొమ్మిదిమందిలో కృష్ణా జిల్లావారైన జాస్తి చలమేశ్వర్‌గారు ఒకరు. సర్కారువారి చేతినుండియే గాక ప్రైవేటు సంస్థల చేతినుండియు ఈ హక్కుకు ముప్పు కలదని ఆ తీర్పు గుర్తించి, చట్టము చేయుడని సూచించెను. చట్టము 2023 ఆగస్టులో వచ్చెను; నియమములు 2025 నవంబరులో వెలువడెను; ముఖ్య విధులకు 18 నెలల గడువు పెట్టిరి. ఏ పనికి అడిగిరో ఆ పనికి కావలసినంత మేరకే సమ్మతి వర్తించునని ఆ చట్టమున నున్నది. సమ్మతి కోరునప్పుడు ఇచ్చు నోటీసును తెలుగులో చదువుకొను వీలు కూడ కలదు. రాజ్యాంగపు 8వ షెడ్యూలులోని భాషలన్నిటికిని ఆ సౌకర్యము ఇచ్చిరి. ప్రభుత్వమునకు మాత్రము విరివిగా మినహాయింపు లిచ్చుకొనిరి. స్తంభముమీద దాతకు కట్టుబాటు వ్రాసి కొట్టువానికి వ్రాయకుండుట వంటి లోపము ఇది.

ఇంతలో ఆ కొట్టే మన ప్రాంతమునకు వచ్చుచున్నది. 2025 అక్టోబరు 14న గూగుల్ వారు విశాఖపట్నమున 5 సంవత్సరములలో 1500 కోట్ల డాలర్ల పెట్టుబడితో మహా డేటా కేంద్రమును నెలకొల్పెదమని ప్రకటించిరి. దాని విద్యుత్ సామర్థ్యము గిగావాటు పరిమాణమున నుండునట. ఉద్యోగములు, భూమి, నీరు, కరెంటు అను విషయములమీద మన జిల్లాలలో చర్చ జరుగుచున్నది, జరుగవలసినదే. ఆ కొట్టులో ఏమి నిలువ చేయుదురు, ఏ పనికి, ఎంత కాలము అను ప్రశ్నను అడిగినవారిని మేము అంతగా చూడలేదు. సింహాచలము గుడిగోడల మీద కూడ శాసనములే యున్నవి. దీపమునకిచ్చినది దీపమునకే యని చదువుకొన్న ప్రాంతమువారు అడుగదగిన ప్రశ్న అది.

వెదకుట మానుకొనుడని మేము చెప్పుట లేదు. శ్రీకూర్మపు శాసనముల పాఠమును ఇంట కూర్చుండి చదువుటకు మాకు వీలైనది ఆ యంత్రము వలననే. పూర్వము దానికై పెద్ద గ్రంథాలయమున్న పట్టణమునకు పోవలసి యుండెను. అయితే చిట్టా ఎవరి పేర నున్నదో వారు దానిని తెరచి చూచుకొను వీలు ఇప్పుడు కొంత కలదు. గూగుల్ ఖాతాలో ‘నా యాక్టివిటీ’ అను పుట యున్నది. అందులో అడిగిన ప్రశ్నలు తేదీలతో, వేళలతో వరుసగా నుండును. కావలసినవానిని తుడిచివేయవచ్చును. 3 నెలలకో, 18 నెలలకో, 36 నెలలకో తమంతట తామే తొలగునట్లు ఏర్పాటు చేయవచ్చును. నమోదును పూర్తిగా ఆపివేయవచ్చును. ఈ పుట ఉన్నదని మా యింట కళాశాలలో చదువుకొన్న పిల్లలకు కూడ తెలియదు.

ఈ వ్యాసము వ్రాయుచు మేము మా పుటను తెరచితిమి. ‘శ్రీకూర్మం గుడి ఎన్ని గంటలకు తెరుస్తారు’ అని ఒక ఉదయము 5 గంటల 42 నిమిషములకు అడిగినట్లు అందులో నున్నది. మాకే జ్ఞాపకము లేదు. దాని క్రిందనే, ముందటి రాత్రి నిద్రపట్టక అడిగిన మరియొక ప్రశ్న యున్నది. అది మా యింటివారికి తప్ప ఇతరులకు సంబంధించినది కాదు గనుక ఇచ్చట వ్రాయము. దానిని తుడిచివేసి, నమోదు ఆపు మీట నొక్కితిమి.